వానికి చాయ్ ఎవడు తాపిండు?

మా తాత గోపయ్యకు ఒకటే జబ్బు. ఎవరైనా దేన్నైనా మెచ్చుకుంటే చాలు, "వానికి చాయ్ ఎవడు తాపిండు?" అని అడుగుతాడు. అంటే, ఆ పొగడ్తకు ఖర్చు పెట్టిందెవరని.

టీవీలో తెల్లకోటాయన పళ్ళపొడిని పొగిడినా అదే ప్రశ్న. ఉప్పల్ రింగురోడ్డు హోర్డింగు మీద ప్లాట్లు చూపించి నవ్వే పిల్లను చూసినా అదే ప్రశ్న. ఇంటర్ సగంలో ఎగ్గొట్టిన నన్ను కూడా ఒకసారి లెక్కల సారు మెచ్చుకున్నాడు. తాత నోరు తెరిచేలోపు నేను వీధిలో ఉన్నాను.

మా నాయనమ్మ మైసమ్మ ఒకసారి విసిగిపోయింది. "నువ్వు శాంతమూర్తివని మా నాయనకు చెప్పినోనికి మీ నాయన చాయ్ గాదు, కల్లు తాపిండు. గప్పుడు అడిగేటోళ్ళు లేకపాయిరి!"

తాత ఆ పూటకు టీవీ కట్టేశాడు. మర్నాడు మళ్ళీ మొదలు.

చిల్కానగర్‌లో మా కాలనీ హాలు ఉంది. అక్కడ పాత కంప్యూటర్ల మీద, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో, దీపక్క ఆడవాళ్ళకు ఫీజు లేకుండా పని నేర్పుతుంది. ఓ ఆదివారం చిదంబరం అనే కంపెనీ ఆయన మెరిసే పుస్తకంతో, అందరికీ సమోసాలూ చాయ్‌తో దిగాడు. ఉచితంగా వచ్చేదానికే ఖర్చెక్కువట, వాళ్ళ సాఫ్ట్‌వేర్ కొంటేనే చవకట. కమిటీ ఒప్పుకుంటే క్లాసుకు ఫీజు పెట్టాలి. పెడితే ఇళ్ళలో పనిచేసుకునే రాములమ్మలాంటి వాళ్ళు ఇక రారు. దీపక్క ముఖం వాడిపోయింది.

"ఉచితమైనదైతే అందరికీ కొత్తగా నేర్పించాలండీ. మాది అందరికీ వచ్చిందే. నేర్పే ఖర్చు సున్నా" అన్నాడు చిదంబరం.

"రాములమ్మా, ఈ సారుది నీకొస్తదా?" అన్నాడు తాత.

"నాకు మౌసు పట్టుడే మొన్న వచ్చింది మామా."

"మరి సున్నా ఎట్లయ్యె?"

కాలనీ ప్రెసిడెంటు విజయభాస్కర్ గారు అడ్డుపడ్డారు. "ఈ పుస్తకంలో ఉన్నది నిపుణుల పరిశోధన, తాతగారూ."

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆ నిపుణులకు చాయ్ ఎవడు తాపిండు?"

చిదంబరం గొంతు తగ్గించాడు. "మా కంపెనీయే కొంచెం సాయం..."

అందరూ చేతుల్లోని కప్పులను మెల్లగా కింద పెట్టారు. నేను మాత్రం సమోసా ముగించాకే పెట్టాను.

"మీది ఈ పాత డబ్బాల మీద నడుస్తదా?" అన్నాడు తాత.

"కొత్తవి కొనాలండీ. ఆ ఖర్చు మా పుస్తకంలోకి రాదు."

ప్రెసిడెంటు గారు పుస్తకం మూసి ఆయనకే ఇచ్చేశారు. "క్లాసును ఇప్పుడున్నట్టే ఉంచుదాం. తాతగారూ, దీప క్లాసు బాగా చెబుతుందని మీరూ ఓ మాట అనండి, మినిట్స్‌లో రాసుకుంటాం."

మా తాత తడబడడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"నన్ను అడగకున్రి. నా మాట చెల్లది."

"ఎందుకని?"

"ఆ క్లాసుకు చాయ్ తాపేది నేనే."

రాములమ్మ ఎగిరిపడింది. "మామా! హోటల్ పోశయ్య ఉత్తగనే పంపుతుండంటివి గద!"

"పని ఇండ్లకెల్లి సీదా వస్తున్రు. ఖాళీ కడుపుతోని ఏం చదువెక్కుతది?" అని తాత చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

కబురు మాకంటే ముందే ఇల్లు చేరింది. "ఊరందరికీ తాపుతవు, నాకెన్నడన్న తాపినవా?" అంది నాయనమ్మ. తాత వంటింట్లోకి నడిచి, ముగ్గురికీ చాయ్ పెట్టుకొచ్చాడు.

నేనొక గుక్క తాగి, "తాతా, చాయ్ మస్తుగున్నది" అన్నాను.

తాత అలవాటుగా కళ్ళు చిట్లించాడు.

"నీకు చాయ్ ఎవడు తాపి..." అని ఆగిపోయాడు.