అత్త ఏరి తెచ్చిన చార్జర్

శ్రీకాకుళం ఆసుపత్రికి పట్టుకెళ్ళడానికి క్యారియర్‌లో గంజి పోసి మూత బిగిస్తుంటే ఫోన్ మోగింది. అవతల మా బావ. "అమ్మ మరి నేదే" అన్నాడు. ఆ గంజి ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఇంకా వేడిగానే ఉంది. క్యారియర్ పట్టుకుని గుమ్మంలో అలాగే కూర్చుండిపోయాను.

పోయినామె నాకు మేనత్త, అత్తగారు కూడా. ఆమె కొడుకు నాకు పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనికి కుదిరి ఊరు విడిచిపెట్టాడు కాబట్టి నేను సముద్రం ఎరగని పిల్లగా పెరిగాను. అత్త మాత్రం ఒడ్డునే పుట్టి, ఒడ్డునే కాపురం చేసి, చేపల గంప నెత్తికెత్తుకుని కోటబొమ్మాళి సంతలో గొంతు చించుకుని బతికింది. ఆఖరి చూపుకి వచ్చినవాళ్ళంతా ఆ గంపనీ, ఆ గొంతునీ, ఆమె బేరాల్నీ తలుచుకున్నారు. నేను తలుచుకునేది ఒక బ్యాటరీ చార్జర్‌ని. నవ్వితే నవ్వండి.

మాది ఫైబర్ పడవ. దాని మీద దీపానికీ, దారి చూపే జీపీఎస్‌కీ ఒకటే బ్యాటరీ. వేట నుంచి రాగానే దాన్ని ఇంటికి మోసుకొచ్చి కరెంటుకి పెడతారు, మళ్ళీ వేటకి వెళ్ళేటప్పుడు మోసుకెళ్తారు. అప్పట్లో మాకున్న చార్జర్ సంతలో దొరికే చవకరకం. బ్యాటరీ నిండినా అది ఆగేది కాదు. ఎవరూ చూడకపోతే లోపల నీళ్ళు కుతకుతలాడిపోయేవి. అలా ఉడికి ఉడికి బ్యాటరీలో సత్తువ పోయిందని మాకెవరికీ తెలియలేదు.

ఒక చలికాలం తెల్లవారుజామున, దట్టమైన మంచులో, పడవ మీద దీపం ఆరిపోయింది. ఎదురుగా పెద్ద మరపడవ వస్తోంది. అందులోవాళ్ళకి మా పడవ కనబడదు. బావా, తోడున్నవాళ్ళూ అన్నం గిన్నె వాయించి, గొంతులు పోయేలా అరిస్తే చివరి నిమిషంలో అది పక్కకి తిరిగింది. ఇంటికొచ్చి బావ ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. "గిన్నె సొట్టపోనాది గాని, మాకేటీ కానేదు" అన్నాడు. అత్త నవ్వలేదు. ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని సొట్టని చేత్తో తడుముతూ కూర్చుంది.

తడుముతూనే నాతో అంది. "ఒసే గుంటా, సముద్రం మీద దీపం మనం సూడ్డానికి కాదే. ఎదుటోడు మనల్ని సూడ్డానికి. ఆ చార్జరు ఇంకోపాలి నా కంట పడితే గెడ్డ నీళ్ళలో ఇసిరేస్తాను."

మర్నాడు సంత సగంలో వదిలేసి, నన్ను వెంటబెట్టుకుని కోటబొమ్మాళిలో రైలెక్కింది. ఆమదాలవలసలో దిగాం. చార్జర్ల గురించి ఆమెకేమీ తెలియదు. నాకు అంతకన్నా తెలియదు. దుకాణంలో ఆయన ఒకటి తీసి, "ఇది పెట్టినారంటే గంటలో ఎక్కించేస్తాది" అన్నాడు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, చేప మొప్పలెత్తి చూసినట్టు గాలి రంధ్రాల్లోకి తొంగి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. నేను సిగ్గుతో చచ్చాను.

"బాబూ, నీకు కొడుకున్నాడేటి?" అని అడిగింది.

"ఉన్నాడమ్మా."

"దీన్నే నమ్ముకుని ఆడిని సముద్రం మీదకి పంపుతావేటి?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చార్జర్ లోపల పెట్టేసి, స్టూలెక్కి పై అర నుంచి ఇంకొకటి దింపాడు. తర్వాత ఎంతో ఓపిగ్గా చెప్పాడు. చార్జర్ ఎప్పుడూ బ్యాటరీ సైజుకి తగినది ఉండాలట. తొందరపెట్టి ఎక్కిస్తే బ్యాటరీ ఎక్కువకాలం రాదట. నిండగానే దానంతట అదే తగ్గిపోవాలి, కరెంటు పోయి వస్తే మళ్ళీ అదే మొదలెట్టాలి, ప్లస్సూ మైనస్సూ తారుమారైనా కాలిపోకూడదు. మీది ఉప్పుగాలి కాబట్టి లోపలికి చెమ్మ దూరని రకం తీసుకోండన్నాడు. అత్త అన్నీ విని, "నాను సంతకెళ్ళిపోతే ఎవులు సూస్తారు? నిజంగా అదే ఆగుతాదా?" అని ఒకే మాట తిప్పి తిప్పి అడిగింది. ఆఖరికి ఆయన తన దగ్గరున్న బ్యాటరీకే తగిలించి, ఎర్రదీపం పచ్చగా మారేదాకా మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ చార్జర్‌తో పాటు కొత్త బ్యాటరీ కూడా కొన్నాం. ఈలోగా మా రైలు వెళ్ళిపోయింది.

ఆ ఏడు వేట నిషేధం ముగిసి పడవలు దిగే రోజున గంగమ్మకి పూజ చేశాం. పడవకీ, ఇంజనుకీ, వలకీ పసుపు కుంకుమలు పెట్టడం మా రివాజు. అత్త బ్యాటరీని మాత్రం వదిలిపెడుతుందా? తీగలు తగిలించే రెండు ముక్కులకీ పసుపు ముద్ద దట్టంగా మెత్తి, కుంకుమ అద్ది, పైనుంచి కొబ్బరినీళ్ళు పోసింది. కొద్దిరోజులకే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కడం మానేసింది. "నమ్మించి మోసం సేసినాడు" అంటూ కొంగు నడుముకి దోపి, చార్జర్‌ని గంపలో పెట్టుకుని మళ్ళీ ఆమదాలవలస బయల్దేరింది. ఆయన్ని తిట్టడానికి దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది. తీరా దుకాణంలో తగిలిస్తే చార్జర్ శుభ్రంగా పనిచేసింది.

"బ్యాటరీ మీద ఏటైనా పోసినారేటమ్మా?" అన్నాడాయన. అత్త నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

ఇంటికొచ్చి ఆ ముక్కులకి పేరుకున్న తెల్లటి పొక్కుని తనే వేడినీళ్ళ గుడ్డతో తుడిచింది. చార్జింగ్ మళ్ళీ ఎక్కింది. మరుసటి పూజకి బొట్టు బ్యాటరీ పక్కన, కింది మూలకి దిగింది. అదేమిటత్తా అంటే, "గంగమ్మ తల్లికి కళ్ళు నేవేటే? పక్కన ఎట్టినా అగుపడతాది" అంది.

నిండితే అదే ఆగుతుందని తెలిసినా ఆమె ఏనాడూ దాన్ని ఒంటరిగా వదల్లేదు. మధ్యాహ్నం పూట అరుగు మీద, గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా పెట్టించేది. పక్కనే ఎండుచేపలు ఏరుతూ కూర్చునేది. ఆ దరిదాపుల్లో బీడీ వెలిగించినవాడికి ఏడు తరాల తిట్లు తగిలేవి. మధ్యమధ్యలో పిల్లలకి జ్వరం చూసినట్టు బ్యాటరీ మీద అరచెయ్యి వేసి చూసేది. "లేచి అన్నం తిను అత్తా, అదే ఆగుతాది గదా" అంటే, "అది ఆగుతాదే. నా మనసాగొద్దేటి?" అనేది. అన్నం చల్లారిపోయేది.

ఆమె పోయాక పెద్దకర్మ దాకా పడవ ఒడ్డునే ఉండిపోయింది. తర్వాత మొదటిసారి వేటకి వెళ్ళే ముందు బ్యాటరీని నేనే కరెంటుకి పెట్టాను. పచ్చదీపం వచ్చింది. అయినా లేవబుద్ధి కాలేదు. పొయ్యికి ఇంత దగ్గరగా పెట్టావేమే అని ఎవరైనా తిడితే బాగుండును అనిపించింది. నాకు ఆమె కావాలి. మంచి మాటలు అక్కర్లేదు, ఆ తిట్లే కావాలి. ఒసే గుంటా అని నన్ను పిలిచేవాళ్ళు ఇప్పుడీ ఇంట్లో ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్న, పడవ ఒడ్డుకి దగ్గరపడి సిగ్నల్ అందగానే బావ ఫోన్ చేశాడు.

"వస్తన్నాం. తెల్లార్లూ దీపం బాగానే ఎలిగినాది. అమ్మకి సెప్పు."

అని ఆగిపోయాడు. ఇంజను చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టలేదు.

"సెప్తానులే బావా" అన్నాను.

నేను ఒడ్డుకి చేరేసరికి ఎండ వచ్చేసింది. మిగతా పడవలన్నీ దీపాలు ఆర్పేసుకుని వస్తున్నాయి. మా పడవ మీద మాత్రం దీపం వెలుగుతూనే ఉంది, ఆ ఎండలో కనబడీ కనబడకుండా.