దండ వేసిన విగ్రహం

మనవాళ్ళకు విగ్రహం కనపడితే చేతులు ఊరుకోవు. ఈ పరాయి దేశంలో మేముండే రౌస్ హిల్ దగ్గర పార్కులో కొత్తగా ఒక కంచు విగ్రహం పెట్టారు. ద్వీపాల నుంచి మనుషుల్ని ఓడల్లో ఎత్తుకొచ్చి చెరకు తోటల్లో వెట్టి చేయించిన కాలంలో, ఆ బానిసత్వానికి ఎదురు తిరిగిన మనిషి ఆయన. ఆవిష్కరణకు మా తెలుగు సంఘాన్నీ పిలిచారు. ఎవరూ అడక్కపోయినా మావాళ్ళు ఒక నిచ్చెనా, ఇంత పొడుగు బంతిపూల దండా పట్టుకెళ్ళారు. కౌన్సిల్ వాళ్ళు తెల్లబోయి చూస్తుండగానే మెళ్ళో వేసేసి ఫోటోలు దిగారు. అంతవరకూ నాకు నవ్వులాటగానే ఉంది.

తర్వాత చెట్టు కింద పులిహోర పంచుతున్న పిన్నిగారి పక్కన కూర్చున్నాను. పక్క పేట ద పాండ్స్‌లో ఉండే ఒక తెలుగు డాక్టర్ల జంట ఆవిడను "మా పిన్ని" అని అందరికీ పరిచయం చేశారు. వరస చెప్పాక మనం ఇంక ఆరా తీయం. ఎప్పుడు చూసినా వాళ్ళ పాపను చంకనేసుకునే ఉన్నా, అందరి తర్వాతే తిన్నా, పాపం పనిమంతురాలు అనుకున్నాం.

"ఎన్నాళ్ళుంటారు పిన్నిగారూ?" అని మాటవరసకు అడిగాను.

ఆవిడ అటూ ఇటూ చూసింది. "నేనేం పిన్నినమ్మా! వాళ్ళూళ్ళో వంటలు చేసుకునేదాన్ని. ఎవరడిగినా పిన్నినని చెప్పమన్నారు. పాసుపోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. మా అమ్మాయికి నెలలు నిండాయి, పంపించండి బాబూ అంటే పంపట్లేదు. గట్టిగా అడుగుదామంటే, అల్లుడు వీళ్ళ పొలమే కౌలుకి చేత్తున్నాడు."

ఆవిడ విగ్రహం వైపు చూపించి, "ఎవరమ్మా ఆయన?" అంది.

"జీతం లేకుండా, ఇంటికి పోనివ్వకుండా పని చేయించుకుంటుంటే, వాళ్ళని విడిపించడానికి పోట్లాడినాయన" అన్నాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది.

"ఎక్కడుంటారో? ఒక్కసారి కలిస్తే..." అంటూ ఆగి, విగ్రహం మెళ్ళో దండను తేరిపార చూసింది. "దండేశారుగా. పోయారన్నమాట."

పాప ఏడవడంతో లేచి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే పోలీసులకు ఫోన్ చేశాను. "రేపు అందరి మొహాలూ చూడాలి కదా, లీవ్ ఇట్" అన్నాడు మా ఆయన. వినలేదు. ఇద్దరు ఆఫీసర్లతో పాటు ఆ ఇంటికి వెళ్ళాను. డాక్టరమ్మ తలుపు తీసి, "ఏంటక్కా ఇది? షీ ఈజ్ ఫ్యామిలీ! కావాలంటే పిన్నినే అడగండి" అంది. ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ దొరక్కపోవడంతో ఆఫీసరు నన్నే అడిగి చెప్పమంది. ఆవిడను పెరట్లోకి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"భయపడకండి. మీరు వీళ్ళకేమవుతారు?" అన్నాను.

"మా అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడమ్మా. పొద్దున్నే ఫోన్లో చూపించారు. అయ్యగారి నాన్నగారి ఇంట్లోంచే మాట్లాడాడు అల్లుడు" అంది. కాసేపు కిటికీ వైపు చూసి తల దించుకుంది. "పిన్నిని. అలాగే రాసుకోమనండి."

ఎంత బతిమాలినా ఇంకో మాట లేదు. పార్కులో విన్నదంతా నేనే ఆఫీసర్లకు చెప్పాను. ఆవిడ నోటితో చెప్పకపోతే ఏమీ చేయలేమని వాళ్ళు కారెక్కారు.

లోపల్నుంచి కేక వినిపించింది. "పిన్నీ, పాప లేచింది!"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పరుగెత్తింది.