ఓ నెగటివ్, అర్జెంట్

మా ఆయన పోయాక కూడా నెలల తరబడి ముక్కూమొహం తెలియనివాళ్ళు నాకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. "ఓ నెగటివ్ కావాలన్నారు కదండీ, ఇంకా అవసరం ఉందాండీ?" అని అడిగేవారు. ఉయ్యూరు నుంచి ఒకరు, ఆటోనగర్‌లో లారీల షెడ్డు నుంచి ఒకరు, ఒకసారి కొండపల్లి నుంచి ఎవరో కాలేజీ అమ్మాయి. "దొరికిందమ్మా, చల్లగా ఉండు" అన్నాను ఆ పిల్లతో. మనిషే లేరని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గవర్నర్‌పేటలో మాది చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. పొద్దస్తమానం పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించే మనిషి, తన మడమ తాను చూసుకోడు. షుగరుందని ఆయనకి తెలుసు, మడమ పగిలి చీము పట్టిందనీ తెలుసు. నేను సణిగితే, "ఆసుపత్రి వాళ్ళు నీకేమన్నా కమీషన్ ఇస్తున్నారేంటోయ్?" అని నవ్వేవారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి చలిజ్వరంతో పడిపోతే ఐసీయూలో చేర్చాం. విషం రక్తంలోకి ఎక్కిందన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఎక్కించాలన్నారు. ఆయన గ్రూపు దొరకడం కష్టం. మా మరిది కంగారులో నా నంబరు పెట్టి, "ఓ నెగటివ్, అర్జెంట్" అని తనకున్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. తేదీ వేయడం మరిచిపోయాడు.

క్రిములు తగ్గాయని రిపోర్టు వచ్చిన రోజు నేను పొంగిపోయాను. కానీ ఆయన ఒంటి వాపు తగ్గలేదు, మూత్రపిండాలు మొరాయించాయి. క్రిములు పోతే ఇంకా ఏమిటీ గోల అని అక్కడి డాక్టరమ్మాయి మీద విరుచుకుపడ్డాను. పాపం ఆ పిల్ల కోప్పడలేదు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆపద వస్తే మన కణాలు ఊరుకోవు ఆంటీ. తమలోంచే చిన్న చిన్న తిత్తుల్లాంటివి తుంచి రక్తంలోకి వదులుతాయి. కంటికి కనబడవు. వాటిల్లో ప్రమాదం వచ్చిందన్న కబురు ఉంటుంది. అది అందుకున్న కణాలు రేగిపోయి, మళ్ళీ తమ తిత్తులు తాము వదులుతాయి. ప్లేట్‌లెట్లూ వదులుతాయి, రక్తనాళాల గోడలూ వదులుతాయి. వాపు పెరుగుతుంది, సన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది."

"మరి క్రిములు పోయాయిగా?"

"క్రిములు పోయినా కబురు ఆగలేదు ఆంటీ. అన్ని తిత్తులూ చెడ్డవి కావు, కొన్ని మాన్పడానికే వెళ్తాయి. చెడ్డవాటిని మాత్రం ఏరి ఆపే మందు మన చేతికింకా రాలేదు."

ఆ మందు రాకముందే ఆయన వెళ్ళిపోయారు.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. మాకు పిల్లలు లేరు. కొట్టు మరిది చూసుకుంటున్నాడు. పైన నేనొక్కదాన్నే. ఒక్కరికి వండుకోవడం నాకు చేతనయ్యేది కాదు, ఎప్పుడు వండినా గిన్నెలో సగం మిగిలిపోయేది. రోజంతా మోగని ఫోన్ మోగితే అది రక్తం కోసమే. "వదినా, ఇంక పంపొద్దని అందరికీ మెసేజ్ పెట్టేస్తాను, నిన్ను తెగ విసిగిస్తున్నారు" అన్నాడు మరిది. విసిగించనివ్వవయ్యా అన్నాను. ఆ కబురు తిరుగుతున్నంతకాలం, నేనెరగని ఏదో ఊళ్ళో ఆయన ఇంకా మంచం మీద ఉన్నారు. ఎవరో ఒకరు ఆయన్ని బతికించాలని చూస్తున్నారు. నాకు అది కావాలి.

ఒక రోజు మధ్యాహ్నం అవనిగడ్డ నుంచి ఒకతను బస్టాండులో దిగి ఫోన్ చేశాడు. "అమ్మా, వచ్చేశానండీ. ఏ ఆసుపత్రి? పరగడుపునే ఉన్నానండీ, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు." రక్తపరీక్షకి వెళ్ళినట్టు కడుపు మాడ్చుకుని వచ్చాడు. ముందు మా ఇంటికి రండి బాబూ అని గుర్తులు చెప్పాను.

రొయ్యల చెరువు దగ్గర పనిచేస్తాడట, ఆ పూట పని మానుకున్నాడట. తినకూడదేమోనండీ అని మొహమాటపడుతుంటే, తినాలి అని గదమాయించి దోసకాయ పప్పు, అన్నం వడ్డించాను. నాలుగు ముద్దలు తిన్నాక తలెత్తాడు.

"సారుకి ఇప్పుడెలా ఉందమ్మా?"

దొరికిందండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అన్నం తింటున్న మనిషితో ఆ మాట అనలేకపోయాను.

"పోయారు బాబూ."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేను ఆలస్యం చేశానా అమ్మా? మెసేజ్ నిన్ననే చూశానండీ. రాత్రే బయల్దేరాల్సింది."

"నీ తప్పు కాదు నాయనా. ఆయన పోయి చాలా రోజులైంది" అన్నాను. అతను నమ్మాడో లేదో తెలియదు. బస్సెక్కి వెళ్ళేటప్పుడు కూడా క్షమించమ్మా అని ఫోన్ చేశాడు.

కిందికి దిగి, కొట్లో ఉన్న మరిదితో చెప్పాను. "రాయవయ్యా. ఆయన పోయారని రాయి. ఈసారి తేదీ వెయ్యి."

అతను రాసి, నాకు చూపించి, పంపాడు. ఫోన్లు నాలుగు రోజులు పల్చబడి, తర్వాత ఆగిపోయాయి. ఇప్పుడు ఆయన ఏ ఊళ్ళోనూ లేరు.