ప్రేమికుల పగులుకు సిమెంటు

మా గుడియాత్తంలో సముద్రం లేదు. ఏట్లో నీళ్లొస్తేనే ఊరంతా వంతెన మీదికి చేరి ఫోటోలు తీసుకుంటుంది. అందుకే మామకు కేరళలో, సముద్రం ఒడ్డున పని దొరికిందనగానే, మేం పోతున్నది గోడ కట్టడానికన్న సంగతి నేను మరిచిపోయాను.

మామ మా అమ్మకు తమ్ముడు, మేస్త్రి. నేను ఆయన దగ్గరే తాపీ పట్టాను. ఆయన కూతురు వేలూరులో నర్సింగ్ చదువు ముగించి ఇంట్లో ఉంది. మా ఇద్దరికీ పెళ్లని మా చిన్నప్పుడే పెద్దవాళ్లు అనుకున్నారు. ఈ పని ముగించుకుని రాగానే పూలు పెట్టి నిశ్చయం చేయాలనీ అనుకున్నారు. ఏమీ అనుకోనిది ఆ పిల్ల ఒక్కతే. “సముద్రం చూసొచ్చి చెప్తా” అని మాతోపాటు కాట్పాడిలో రైలెక్కింది. సముద్రానికీ నాకూ ఏం పోటీయో అర్థం కాలేదు. అయినా రైల్లో కన్ను మూతపడలేదు.

తెల్లవారి చూస్తే, బెల్లం ముద్దను కత్తితో నిలువునా కోసినట్టు ఎర్రటి కొండ. దాని కాళ్ల దగ్గర సముద్రం. ఎక్కడ నీళ్లు ముగిసి ఎక్కడ ఆకాశం మొదలవుతుందో ఆ మంచులో తెలియడం లేదు. పడవలు గాల్లో తేలుతున్నట్టున్నాయి. మాట్లాడితే మాట సగం దారిలోనే కరిగిపోతోంది. టీ తాగేదాకా నేను నోరు తెరవలేదు. మా అమ్మ చూసి ఉంటే జ్వరమేమోనని నుదురు పట్టుకునేది.

అంచున టీ కొట్టు నడిపే అక్క, సగం మలయాళంలో సగం తమిళంలో, ఆ కొండ కథ చెప్పింది. ఒక జాలరి కుర్రవాడు, ఒక పెద్దింటి పిల్ల. వాడు తుపానులో పోయాడు. ఆమె రోజూ అంచున కూర్చుని, కిందికి వంగి వాణ్ణి పిలిచేదట. పిలిచి పిలిచి రాయి పగిలిందట. ఆ పగులు ఇప్పటికీ ఉంది. ప్రేమించినవాళ్లు అందులో నోరు పెట్టి, అడగాల్సింది అడిగి, చెవి ఆనించాలి. లోపలినుంచి చల్లగాలి తగిలితే ఔనని అర్థం.

“కింద అల కొడితే పైకి గాలి రాక పొగొస్తుందా?” అన్నాను.

“కొంచేపు చుమ్మా, ఊరికే ఉండు బావా,” అంది మామ కూతురు, సముద్రం మీదినుంచి కళ్లు తిప్పకుండా.

ఎగతాళి చేశానే గానీ, మర్నాడు పని అయ్యాక ఎవరూ చూడకుండా వచ్చి అడగాలని లోపల ఖాయం చేసుకున్నాను.

మేం కట్టాల్సింది ఆ అంచునే, జనం పడకుండా నడుమెత్తు గోడ. మర్నాడు పొద్దున్నే పునాదికి నేల చూస్తూ పోయిన మామకు పగులు కనిపించింది. మా వాళ్లకు పగులు చూస్తే చెయ్యి ఊరుకోదు. పొన్నైలో ఒక పెళ్లికి పోయి, విస్తరి ముందు కూర్చుని, ఎదురు గోడ పూత బాగలేదని అన్నం చల్లార్చుకున్న మనిషి ఈయన. నేను ఇసుక మోసుకొచ్చేసరికి పగులులో రాళ్లు దట్టించి, సిమెంటు నింపి, తాపీతో నున్నగా మెత్తి, పైన తడి గోనె కూడా కప్పేశాడు.

టీ కొట్టు అక్క నెత్తి కొట్టుకుంటూ వచ్చింది. ఇక ఇక్కడికి ఎవరొస్తారు, ఎక్కడ అడుగుతారు అని ఆమె గోల.

“సందు ఉండాదంటే నీళ్లు దిగతాయి కదమ్మా,” అన్నాడు మామ. “గోడ నిలవొద్దా?”

కూతురు కథంతా చెప్పింది. మామ తాపీ కింద పెట్టాడు. “ఈ కత నాకెవురు చెప్పినారు? అప్పుడు నేను యాడుంటి?”

“గురక పెడతా ఉంటివి నాయనా.”

“సరి, రేయ్ అబ్బోడా, ఆరేలోగా తీసెయ్. గోడ ఒకడుగు యెనక్కి జరపతాము.”

నేను కూర్చుని పెళ్లగిస్తున్నాను. మామ కూతురు పక్కన కూర్చుని చెంబుతో నీళ్లు పోస్తోంది. ఎండ ఇంకా ముదరలేదు. నురగ కొండ పాదాన్ని తాకి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి పోతోంది.

“నువ్వూ దీన్ని అడగాలనుకుంటివా బావా?”

“అనుకుంటి. మీ నాయన దాని నోట్లో సిమెంటు కొట్టినాడు.”

ఆమె నవ్వలేదు. “ఇంట్లో నన్ను తప్ప అందర్నీ అడిగినారు. నువ్వు చూస్తే రాతిని అడగబోతావు. నాకు నోరు లేదా?”

పెళ్లగించడం ఆపాను. గోళ్లనిండా సిమెంటుతో, “నన్ను చేసుకుంటావా?” అన్నాను. అంత చిన్న మాటకు అంత ఊపిరి పడుతుందని నాకు తెలియదు.

ఆమె చాలాసేపు దూరంగా పోతున్న పడవను చూసింది. నాకు ఆ పడవ మీద కోపమొచ్చింది.

“నేను ఆస్పత్రిలో పనికి పోతా. నైట్ డ్యూటీలుంటాయి. పొద్దున నేనొచ్చేసరికి ఇంట్లో అన్నం, పప్పు ఉండాల.”

“నాకు రసం దాకా వచ్చు.”

“పప్పు నేర్చుకో.”

“అంటే సరేనా?”

“ఇంకా అడగతావేంది? కానియ్, రాయి తియ్యి.”

చేతులు కడుక్కోకుండానే అమ్మకు ఫోన్ చేసి, పప్పుకు కుక్కర్లో ఎన్ని విజిళ్లు రావాలని అడిగాను.

“ఆ పిల్ల సరే అనిందా నాయనా?” అంది అమ్మ.