నా చేతి పిడికెడు బియ్యం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, నిలబడి చెప్పే ఓపిక లేదు, కూర్చునే చెబుతాను, ఏమీ అనుకోకండి. పోయిన వానకాలమంతా నేను చావు కోసం ఎదురుచూశాను. దేవుని మందిరంలో ఆ మాట దాచడం ఎందుకు!

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ముప్పై ఏళ్లు చాట పట్టి బియ్యం బాగుచేసిన చేతులివి. మా ఆయన పోయాక కూడా నా వంట నేనే, నా బట్టలు నేనే అన్నట్టు బతికినదాన్ని, బాత్‌రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాను, కొడుకు తన ఇంటికి తెచ్చుకున్నాడు. కోడలు సునీత బంగారం, వంక పెట్టడానికి లేదు. "నువ్వు పొయ్యి కాడికి రాకత్తమ్మా, మళ్ల పడితే పరేషాన్ అయితది" అనేది. నీళ్ల గ్లాసు కూడా చేతికే అందించేది. ప్రేమే, కాదనను, కానీ ఆ ప్రేమలో నేను రోజురోజుకీ లేకుండా పోయాను!

మన సంఘంలో ఆడవాళ్లం ఎసట్లో పోసే ముందు దేవునికని పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తాం, ఆదివారం తెస్తాం కదా. పొయ్యే లేనిదానికి పిడికెడెక్కడిది? సునీత పాపం నా పేరు మీద వేరే సంచి కట్టి పంపింది. అది చూసి రగిలిపోయాను, నేను బతికుండగానే నా పేరున ఇంకొకరు ఇస్తున్నారే అని! ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్నాను. తిండి సయించలేదు, మనవరాలు పిలిచినా పలకలేదు. సూర్యాపేట దవాఖానాలో డాక్టరు ఇది మనసుకు పట్టిన జబ్బని మాత్రలిస్తే అవీ మింగలేదు. ఒకటే ప్రార్థన: "అయ్యా, నా చేతులల్ల పని గుంజుకున్నవ్, గీ పానం ఎందుకు ఉంచినవ్? తీస్కపో తండ్రీ!"

దేవుడు పలకలేదు సహోదరులారా, నెలల తరబడి పలకలేదు.

ఒకరోజు పాస్టరమ్మ గారు సంఘంలో పోగైన బియ్యం సంచి తెచ్చి నా మంచం కింద పెట్టారు. "అమ్మా, అందరిండ్ల బియ్యం కలిసినయ్, ఒకటే రాళ్లు. జర ఏరిపెట్టు, లేనోళ్లకు పంచాలె" అన్నారు. నాకు ఒళ్లు మండింది, ముట్టుకోలేదు. రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున చూస్తే నా గోడ మీద పురుగులు పాకుతున్నాయి, ఒకదాని వెనక ఒకటి. బియ్యం పురుగులు! దేవునికిచ్చిన బియ్యం నా మంచం కింద పురుగు పడుతోంది! మిల్లులో బతికిన ప్రాణం ఊరుకుంటుందా? "సునీతా, చాట తే!" అని కేక వేశాను. చెరిగాను, ఏరాను, ఏడ్చాను. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం, అన్నీ ఎవరో ఒకరు తమ కంచంలోంచి తగ్గించుకున్నవే. పలకని దేవుడు నన్ను పురుగుతో లేపాడు!

అప్పుడు కోడలితో అన్నాను: "బిడ్డా, వండుడు నువ్వే వండు. పిడికెడు మాత్రం నన్ను తియ్యనియ్యి."

"గింత మాట ముందుగాల్నే చెప్పొద్దా అత్తమ్మా!" అని అదీ ఏడ్చింది.

ఇప్పుడు మాత్రలూ వేసుకుంటున్నాను. పూర్తిగా బాగయ్యానని అబద్ధమాడను, కొన్ని పొద్దులు ఇప్పటికీ గోడవైపే లాగుతాయి. అయినా సునీత బియ్యం గిన్నె మంచం దగ్గరికి తెస్తుంది, లేచి కూర్చుని తీయక తప్పదు. మహిమంతా ఆయనకే! మీ ఇంట్లో గోడవైపు తిరిగిన ముసలి ప్రాణముంటే దాని చేతిలో ఏదో ఒక పని మిగల్చండి. మీలోనే అట్లా తిరిగినవాళ్లుంటే, ఆయన పలకలేదని మాత్రం అనుకోకండి, నమ్మండి.

ఇదిగో, ఈ వారం బియ్యం. నేనే తీశాను. ఎవరైనా వచ్చి అందుకోండి, నేను లేవలేను.