అన్న వేసిన కంటిచుక్కలు

మా ఇంట్లో వాటాల గొడవ లేకుండా అందరికీ సమానంగా వచ్చిన ఆస్తి ఒక్కటే, బాపు కోపం. అన్నకు అది చేతుల్లోకి వచ్చింది, తమ్ముడికి నోట్లోకి వచ్చింది. మధ్యలో పుట్టిన నాకు రెండింట్లోకీ వచ్చింది.

ఆ రోజు ఆరాంఘర్‌లో కుట్టుమిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు వదిలేసి బస్సెక్కాను. శంషాబాద్ వెనక గోదాముల గోడ పక్కన మా భూమి కొంచెం మిగిలింది, తక్కినదంతా ఎప్పుడో ప్లాట్లయింది. ఆ మిగిలిన ముక్కలో హద్దురాయి ఎక్కడ పాతాలన్నది ఇద్దరి గొడవ. వాళ్ళను విడదీయడానికి వెళ్ళానని చెప్పుకోవచ్చు గానీ అబద్ధం. ఇద్దర్నీ కసిదీరా తిట్టడానికి వెళ్ళాను.

నేను చేరేసరికి తమ్ముడు గడ్డపారతో రాయిని పెకిలించి అవతల పడేశాడు. అన్న వాణ్ణి మెడ పట్టుకుని నేలకేసి కొట్టాడు. వాడు లేచి తలతో అన్న మూతి మీద గుద్దాడు. ఇద్దరి పళ్ళ మీదా రక్తం, మట్టి. ఒక్క కంచంలో తిన్నవాళ్ళు ఒకరి గొంతు ఒకరు పిసుకుతుంటే పక్క ప్లాట్ల కాపలావాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు. నెత్తి మీదుగా విమానం దిగుతున్న మోతలో ఎవరి బూతులు ఎవరికీ వినిపించలేదు.

నేను మధ్యలో దూరాను. ముందు చెప్పు తీసి తమ్ముణ్ణి కొట్టాను, గడ్డపార వదిలేదాకా కొట్టాను. వాణ్ణి వెనక్కి నెట్టి, అన్నను ఆపుదామని ఇటు తిరిగాను. అప్పటికే అన్న వంగి నేల మీది రాయొకటి అందుకున్నాడు. తమ్ముడి కోసం అందుకున్నాడు, నా కోసం కాదు. ఆ చెయ్యి వెనక్కి పోవడం, ముందుకు రావడం, వేళ్ళు విచ్చుకోవడం చూశాను. ఆ తర్వాత చాలా రోజుల దాకా నా కుడికన్ను ఇంకేదీ సరిగ్గా చూడలేదు.

కన్ను పగిలి చేతిలోకి వచ్చిందనుకున్నాను. నేల మీద పడి పొర్లుతుంటే అన్నే నన్ను రెండు చేతులా ఎత్తుకుని కారు దాకా పరిగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దారి పొడుగునా ఒక చేత్తో బండి నడుపుతూ, ఇంకో చేత్తో నా తల నిమురుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులోనే వదినకు ఫోన్ చేసి, చిన్నోడు చెల్లెను రాయితో కొట్టిండని చెప్పాడు. నాకు వినబడింది. భయంలో నోరు జారిందేమో అనుకున్నాను. దవాఖాన గేటు దగ్గర కాపలాదారుకూ అదే చెప్పాడు, ఈసారి గొంతు తడబడలేదు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. లేచి అన్న చెంప పగలగొట్టాలనిపించింది గానీ నొప్పికి దవడ కూడా కదల్లేదు.

అది చిన్న కంటి దవాఖాన. డాక్టరమ్మ కోస్తావైపు మనిషి. నర్సు చుక్కల సీసా తెస్తుంటే చేత్తో ఆపి, ముందు ఏమీ వేయొద్దంది. టార్చి పట్టుకుని ఒక కన్ను తర్వాత ఒకటి చూసింది. స్పృహ తప్పిందా, వాంతి అయిందా, తల తిరుగుతోందా అని అడిగింది. తలకు దెబ్బ తగిలినప్పుడు లోపల మెదడుకు ఏమైనా అయితే ఆ గుర్తు కంటిపాపలోనే కనబడుతుందట. చుక్కలు వేసి పాపను పెద్దది చేశాక ఆ గుర్తు ఇక తెలియదట. తలకేమీ ముప్పు లేదని నమ్మకం కుదిరాకే నర్సుకు సైగ చేసింది.

చుక్క పడగానే కారం పడ్డట్టు మండింది. కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. హాల్లో నాలాగే చుక్కలు వేయించుకున్నవాళ్ళు వరసగా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నా పక్కన కూర్చుని అన్న వాళ్ళందరికీ తమ్ముడి సంగతి చెప్పాడు, వాడు చిన్నప్పటి నుంచీ ఎంత రాక్షసుడో చెప్పాడు. కళ్ళు మూసుకున్నవాళ్ళు అయ్యో అన్నారు. నర్సు మళ్ళీ మళ్ళీ వచ్చి చుక్క వేసి, టార్చి కొట్టి చూసింది. వెలుతురు పడినా పాప ముడుచుకోకుండా ఉన్నప్పుడు, ఇక లోపలికి పదండి అంది.

లోపల నల్లగుడ్డు కింది భాగంలో రక్తం పేరుకుందట. వెనక పొర మాత్రం చిరగలేదట. పాప చుట్టూ రంగు ఉంగరంలా ఉండేది కండరమేనని డాక్టరమ్మ చెప్పింది. వెలుతురుకు ముడుచుకుంటూ చీకటికి విచ్చుకుంటూ అది రోజంతా కదులుతూనే ఉంటుంది. దానికే దెబ్బ తగిలింది.

“కాలు విరిగితే కట్టు కట్టి కదలనివ్వం కదమ్మా, ఇదీ అంతే” అంది. “ఈ చుక్కలు ఆ కండరాన్ని నిద్రపుచ్చుతాయి. అది కదిలితే మళ్ళీ రక్తం కారొచ్చు. అప్పుడు చూపు దక్కుతుందని నేను మాట ఇవ్వలేను.”

మూడు పూటలా చుక్కలు వేయాలి. వంగకూడదు, బరువెత్తకూడదు, తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. దగ్గరివి మసకగా కనబడతాయి, వెలుతురు గుచ్చుకుంటుంది, భయపడొద్దంది. కోపం తెచ్చుకోవద్దని కూడా అంది. ఆమెకు మా ఇంటి సంగతి తెలియదు పాపం. సూదిలో దారం ఎక్కించి బతికేదాన్ని నేను. ఆ కన్ను పోతే నా బతుకు సగం పోయినట్టే.

మా ఆయన లారీతో దూరం పోయి ఉన్నాడు, అందుకని అన్న నన్ను తన ఇంటికే తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రమే తమ్ముడి మీద ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు తమ్ముణ్ణి రోజూ స్టేషన్‌కు పిలిచి పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. నేను లేచి వాంగ్మూలం ఇస్తే కేసు కడతారు. తమ్ముడు ఎయిర్‌పోర్టు సరుకుల షెడ్డులో పెట్టెలు ఎత్తుతాడు. మెడలో పాస్ ఉంటేనే లోపలికి రానిస్తారు, పోలీసు కేసు ఉంటే పాస్ ఇవ్వరు. వాడికి వేరే పని చేతకాదు. ఇదంతా అన్నకు నాకంటే బాగా తెలుసు.

చుక్కలు వదిన వేస్తానంది. అన్న సీసా ఇవ్వలేదు. నర్సు నేర్పింది నేర్పినట్టు చేసేవాడు. సబ్బుతో చేతులు కడుక్కుని, కింది రెప్పను వేలితో లాగి, పైకి చూడమని, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క వదలాలి. ముక్కు పక్కన మెల్లగా నొక్కి పట్టాలి, లేకపోతే మందు గొంతులోకి దిగి నోరెండిపోతుంది. అన్నీ నేర్చుకున్నాడు. కానీ ఆ చెయ్యి మసకగా నా ముఖం మీదికి రాగానే నా రెప్ప టక్కున మూసుకునేది. చుక్క చెంప మీదుగా చెవిలోకి జారేది.

“జర కన్ను తెరువు చెల్లె” అనేవాడు. తెరిచేదాన్ని. చెయ్యి వచ్చేది, మూసుకునేది. బాపు పోయాక అన్న నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడని ఊరంతా అంటుంది, నిజమే కూడా. ఆ మాట గుర్తొచ్చి నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఒకసారి సీసాను విసిరి కొడితే గోడకు తగిలి మూత ఊడిపోయింది. అన్న నేల మీద ఒలికిన మందు తుడిచాడు. వెళ్ళి కొత్త సీసా తెచ్చాడు. ఎదురు తిట్టని అన్నను నేనెప్పుడూ చూడలేదు.

మళ్ళీ దవాఖానకు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. అటు నుంచి అటే స్టేషన్‌కు పోయి వాంగ్మూలం ఇద్దామని అన్న పొద్దున్నే చెప్పాడు. జర గట్టిగ చెప్పమన్నాడు.

డాక్టరమ్మ టార్చి కొట్టగానే పాప ముడుచుకుంది. ఆమె ముఖం మారింది. లోపల కొత్తగా సన్నటి రక్తపు చార కనబడిందట. చుక్కలు అసలు లోపలికి పోతున్నాయా అని అడిగింది. నర్సు వేసింది, నా కన్ను పిల్లి పిల్లలా నిమ్మళంగా ఉంది. డాక్టరమ్మ అన్న వైపు తిరిగి, ఇంట్లో ఎలా వేస్తున్నారో చూపించమంది. అన్న చేతులు కడుక్కుని వచ్చాడు. ఆ చెయ్యి లేవగానే రెప్ప మూసుకోవడమే కాదు, నా మెడ వెనక్కి విరిగి తల కుర్చీకి దడాలున కొట్టుకుంది. డాక్టరమ్మ అన్న చేతిని చూసింది, నన్ను చూసింది. ఇంట్లో ఇంకెవరైనా వేస్తే మంచిదని మాత్రం అంది.

కారెక్కి కొంత దూరం వచ్చాక అన్న రోడ్డు పక్కన ఆపాడు. ఎయిర్‌పోర్టు క్యాబులు పక్కనుంచి దూసుకుపోతున్నాయి.

“నువ్వు చూసినవా?” అన్నాడు.

“చూసిన.”

“నిన్ను కొట్టాలని కాదు చెల్లె. వాన్ని...”

“గది తెల్వదా నాకు? రాయి జారి నాకు తగిలింది, సరే. వాన్ని తీస్కపోయి స్టేషన్ల కూసోబెట్టినవ్ గదా, గది గూడ జారిందా?”

అన్న పిడికిలితో ముందున్న డ్యాష్‌బోర్డు పలకను గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. పలక పగిలింది, వేళ్ళ కణుపుల మీద తోలు లేచి రక్తం వచ్చింది. ఇంకో రోజైతే భయపడేదాన్ని. ఆ రోజు నాకే అన్న చెయ్యి కొరికేయాలన్నంత కోపం ఉంది.

“నాకు ఈ కన్ను పోతే ఇంకో కన్నుంది. వాని పాస్ పోతే వానికి ఏమున్నది? బండి స్టేషన్‌కు పోనీ. చెప్పేది నేను కాదు, నువ్వు చెప్పు.”

అన్న నెత్తురు చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత తాళం తిప్పాడు.

స్టేషన్‌లో అన్న నిలబడి, రాయి విసిరింది నేను సార్ అన్నాడు. బెంచీ మీదున్న తమ్ముడు ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఒక్క ఉరుకున వచ్చి అన్నను చెంప మీద కొట్టాడు, ముఖం మీద ఉమ్మాడు. కానిస్టేబుళ్ళు వాణ్ణి గోడకు అదిమి పట్టుకున్నారు. అన్న చెయ్యి లేవలేదు. ముఖం కూడా తుడుచుకోలేదు. చివరికి ఇంటి గొడవ అని తిట్టి, ఇద్దరితోనూ రాజీ రాయించుకుని పంపారు. తమ్ముడి పాస్ నిలిచింది. వాడు అన్నతో ఈనాటికీ మాట్లాడడు, వాణ్ణి మాట్లాడమని నేనూ అనను.

నా కన్ను కూడా దక్కింది. పాప మాత్రం రెండోదానికంటే కాస్త పెద్దగా ఉండిపోయింది, ఎండలో నల్ల అద్దాలు పెట్టుకోక తప్పదు. సూదిలో దారం ఎక్కిస్తున్నాను, అది చాలు. కానీ స్టేషన్ నుంచి ఇంటికి వచ్చిన ఆ సాయంత్రానికి ఇవేవీ మాకు తెలియవు. లోపల రక్తపు చార ఉంది, చుక్క పడాల్సిన వేళయింది.

వదిన సీసా అందుకోబోయింది. నేనే వద్దని, అన్నను వేయమన్నాను. అన్న కణుపుల మీది గాయాలు మండుతున్నా సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు. నిజం చెప్పాడు కదా, ఇక నా కన్ను ఊరుకుంటుందనుకున్నాను. ఆ చెయ్యి పైకి లేచింది. రెప్ప మూసుకుంది. స్టేషన్‌లో జరిగిన రాజీ దానికి ఎవరూ చెప్పలేదు.

అన్న సీసా కింద పెట్టేసి, నాతోని కాదు చెల్లె అన్నాడు. నేను దిండు మీద తల ఆనించి, పై రెప్పను ఒక చేత్తో, కింది రెప్పను ఇంకో చేత్తో పట్టి బలంగా విడదీశాను. మూసుకోవాలని అది నా వేళ్ళ కింద గింజుకుంటోంది. మసకలో ఆ చెయ్యి వస్తూ ఉంది.

“వెయ్యన్నా” అన్నాను.

చుక్క పడింది. భగ్గున మండింది. మందు లోపలికి దిగేదాకా నా రెప్పను నేను వదల్లేదు.