పొగ ఆగిన కారు

ఏళ్ళ క్రితం ఓ ఆదివారం, జీలాంగ్ దారిలో కారులోంచి వెనక్కి తిరిగి చూసినప్పుడు పొగ కనిపించలేదు. సరిగ్గా ఆ క్షణంలోనే నాకు భయం వేసింది. నిన్న సాయంత్రం ఊరికి ఆ చివరనున్న క్లైడ్ నార్త్ నుంచి అక్క పంపిన ఫోటో చూడగానే అదంతా మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. పాత కార్ల ప్రదర్శనలో నిలబెట్టిన, రెండు స్ట్రోకుల ఇంజనున్న చిన్న డీకేడబ్ల్యూ కారు, అచ్చం మా యూనివర్సిటీ రోజుల్లో మేం నడిపినదానిలాంటిదే.

సొంత అక్క కాదు, అద్దె ఇంట్లో నాతో గది పంచుకున్న సీనియర్. కారు పక్కింటి జర్మన్ తాతగారిది. చూపు మందగించి తాను నడపలేక, బండి మూలపడకూడదని ఆదివారాలు మాకిచ్చేవారు. భార్యతో తిరిగిన కారు, జాగ్రత్త అని ప్రతిసారీ చెప్పేవారు. దాని నీలిపొగకు సిగ్నళ్ళ దగ్గర జనం ముక్కులు మూసుకుంటుంటే మాకు తల కొట్టేసినట్టుండేది. ఆ రోజు బంకులో అక్క ఉత్త పెట్రోలు పోసి, అందులో కలపాల్సిన ఆయిల్ డబ్బా డిక్కీలోనే ఉన్నా దాని జోలికే పోలేదట.

"చూశావా, పొగ లేదు! ఇవాళ మన పరువు సేఫ్."

"ముందు పక్కకి ఆపక్కా! ఆయిల్ కలపకపోతే ఇంజన్ సీజై బిగుసుకుపోతుంది!"

"నువ్వెప్పుడు మెకానిక్‌వయ్యావే?"

నాన్న స్కూటరుకు బంకులో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కొలిచి పోయడం చూస్తూ పెరిగినదాన్ని. రోడ్డు పక్కన ఆపి, ఆయిల్ పోసి, అది కలవాలని ఇద్దరం కారును అటూ ఇటూ ఊపుతుంటే పోయేవాళ్ళు హారన్లు కొట్టారు. ఇంజను చల్లారేదాకా గడ్డిలో కూర్చున్నాం. తాతగారికి మొహమెలా చూపించాలని అక్క ఏడుస్తూ, మధ్యమధ్య నన్ను చూసి నవ్వుతూ. చివరికి మళ్ళీ స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చిన పొగను చూసి ఒకరినొకరం వాటేసుకున్నాం.

పిల్లలు పడుకున్నాక ఊరికి ఈ చివర పాయింట్ కుక్‌లో మా ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇద్దరికీ ఇళ్ళున్నాయి, పొగ రాని కార్లున్నాయి, ఒకే ఊళ్ళో ఉండి కలుసుకుని ఏళ్ళయింది. పిల్లలు వెనక ఉంటే ఫ్రీవే ఎక్కాలంటే నాకు గుండె దడ. అక్క పిలిచినప్పుడల్లా జలుబనో వాననో నా ప్రయాణం వాయిదా పడుతూనే ఉంది. ఫోటో కింద అక్క రాసింది, నీతో అలా ఊరికే కూర్చుని ఎన్నాళ్ళయిందే అని.

ఈ ఉదయం పిల్లలతో చెప్పాను, శనివారం పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నామని.

"బట్ ఇట్స్ సో ఫార్, అమ్మా!"

"దూరమే నాన్నా. నేనే నడుపుతాను."